తేలిక మాట ఎవరికి తేలిక?

దళిత పత్రికల్లో వచ్చే వ్యాసాల మీద రెండు ఫిర్యాదులు ఎప్పుడూ వినిపిస్తుంటాయి. ఉద్యమంలో తిరిగే మిత్రులు 'మీరు రాసేది మాకే అర్థం కావటం లేదు, ఇక వాడలో జనానికి ఏమర్థమవుద్ది, మామూలు మాటల్లో రాయలేరా' అంటారు. అదే వ్యాసాన్ని యూనివర్సిటీలో చూపిస్తే 'ఇందులో ఆవేదన ఉంది గానీ సిద్ధాంతం లేదు, భాష పరిశోధన భాషలా లేదు' అంటారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కినవాళ్లు ఈ రెండు మాటలూ ఒకే వ్యాసానికి వినాల్సి వస్తుంది. హైదరాబాదులో రాసింది సింగరాయకొండ తీసుకుపోతే బరువు. సింగరాయకొండలో మాట్లాడింది హైదరాబాదు తీసుకుపోతే తేలిక.

ఈ రెండు ఫిర్యాదులకూ ఒకే జవాబు వెతకటం వల్లనే చర్చ అక్కడక్కడే తిరుగుతోందని నా అభిప్రాయం. 'తేలికగా రాయండి' అని ఎవరు అంటున్నారు, ఎవరితో అంటున్నారు, ఏ కాగితం గురించి అంటున్నారు అనేది ముందు విడదీసుకోవాలి. మన బతుకును శాసించే కాగితం వేరు. మన బతుకును మనం అర్థం చేసుకోవటానికి రాసుకునే కాగితం వేరు. మొదటిదాన్ని తేలిక చెయ్యమని అడగటం మన హక్కు. రెండోదాన్ని తేలికగానే రాసుకోమని మనకెవరైనా చెబితే ఆ సలహాను అనుమానించాలి.

ఇంగ్లీషు లోకంలో ఈ చర్చ ఎట్లా నడిచిందో కాస్త చూద్దాం. 1946లో జార్జ్ ఆర్వెల్ రాజకీయాలకూ ఇంగ్లీషు భాషకూ ఉన్న సంబంధం మీద ఒక వ్యాసం రాశాడు. డొంకతిరుగుడు భాష ప్రభుత్వాలు చేసే ఘోరాలను కప్పిపెట్టటానికి పనికొస్తుందని అందులో వాదించాడు. 1979లో క్రిస్సీ మేహర్ అనే ఆమె లండన్‌లో పార్లమెంటు ఎదుట ప్రభుత్వ ఫారాలను ముక్కలు ముక్కలు చేసి 'ప్లెయిన్ ఇంగ్లీష్' ఉద్యమం మొదలుపెట్టింది. ఆమె లివర్‌పూల్‌లో పేద కుటుంబంలో పుట్టిన మనిషి, చాలా ఆలస్యంగా చదవటం నేర్చుకున్న మనిషి. ఫారం అర్థంగాక సాయం పోగొట్టుకునేవాళ్ల తరఫున ఆమె మాట్లాడింది. 2010లో అమెరికాలో దీనిమీద చట్టమే వచ్చింది. ప్రభుత్వ శాఖలు జనానికిచ్చే కాగితాలు జనానికి అర్థమయ్యేటట్టు ఉండాలని దాని సారాంశం. ఇంతవరకూ వచ్చిన డిమాండు కింది నుంచి పైకి వెళ్లిన డిమాండు. దీంతో మనకు పేచీ లేదు.

ఇదే మాటను ఇంకోవైపు కూడా తిప్పారు. 1998లో అమెరికాలో ఒక తత్వశాస్త్ర, సాహిత్య పత్రిక 'చెత్త రాత'కు పెట్టిన పోటీలో స్త్రీవాద సిద్ధాంతకర్త జుడిత్ బట్లర్‌కు మొదటి బహుమతి ఇచ్చింది. మరుసటి ఏడాది ఆమె న్యూయార్క్ టైమ్స్‌లో జవాబు చెప్పింది. అందరూ ఒప్పుకున్న ఇంగితజ్ఞానమే అన్యాయాన్ని సహజమని చెబుతున్నప్పుడు దాన్ని కదిలించటానికి అలవాటు లేని భాష కావాల్సి వస్తుందని ఆమె వాదన. మన ఊళ్లల్లో అంటరానితనం కూడా ఒకప్పుడు ఇంగితజ్ఞానమే గదా! హోటల్లో రెండో గ్లాసు ఎందుకని అడగటం ఆనాడు అర్థం లేని ప్రశ్న. అయితే బట్లర్ వాక్యాలు నిజంగానే కష్టమైనవి. ఆ కష్టంలో కొంత అవసరమైనది, కొంత యూనివర్సిటీ అలవాటు. ఈ రెంటినీ వేరుచేసి చూసే ఓపిక ఆ పోటీ పెట్టినవాళ్లకు లేకపోయింది.

తెలుగులో ఈ చర్చ వందేళ్లు దాటిన పాతది. 1858లో పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చాక బడిపుస్తకాల తెలుగు గ్రాంథికంలో బిగుసుకుపోయింది. 1900 తర్వాత ఉత్తర జిల్లాల్లో స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయన, పుస్తకంలో తెలుగు ఒకరకంగా, పిల్లలు మాట్లాడే తెలుగు ఇంకోరకంగా ఎందుకున్నాయని అడిగాడట. అక్కడి నుంచి గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు వ్యావహారిక భాష కోసం నిలబడ్డారు. గ్రాంథికం పక్షాన జయంతి రామయ్య పంతులు, 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు నిలబడ్డాయి. మద్రాసు యూనివర్సిటీ ఇంటర్మీడియట్ వ్యాసరచన ఏ తెలుగులో ఉండాలన్న దానిమీద కమిటీ వేస్తే, 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం ఇచ్చాడు. మాట్లాడే తెలుగు కోసం రాసిన ఆ గొప్ప వాదన ఇంగ్లీషులో ఉంది. దొరలకు అర్థం కావాలంటే ఆ భాషలో రాయక తప్పలేదు. అప్పటికి గ్రాంథికమే గెలిచింది. గురజాడ 1915లో చనిపోయాడు. గిడుగు మాత్రం వదల్లేదు, 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టి మరీ పోరాడాడు.

గిడుగును తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. పర్లాకిమిడి కొండల్లో సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించటానికి సొంత డబ్బు ఖర్చుపెట్టిన మనిషి ఆయన. కానీ ఆయన గెలిపించిన భాషకు ఆయనే పెట్టిన పేరు చూడండి: శిష్ట వ్యావహారికం. చదువుకున్నవాళ్లు, మర్యాదస్తులు మాట్లాడుకునే భాష అని అర్థం. ఆనాడు శిష్టులెవరు? ఆ వాదులాటలో రెండు పక్షాల ముందువరసలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది బ్రాహ్మణులే. 'వచ్చెను' పోయి 'వచ్చాడు' వచ్చింది. 'వచ్చిండు', 'వొచ్చినాడు' బయటనే నిలబడ్డాయి. కోస్తా జిల్లాల అగ్రవర్ణాల ఇంటి మాట అందరి మాట అయ్యింది. మిగతావాళ్ల మాట 'యాస' అయ్యింది. తెలుగులో 'సరళం' అనే మాటకు కొలబద్ద ఆనాడు తయారైందే. వాడలో పిల్ల మాట్లాడే తెలుగు ఆ కొలబద్ద మీద సరళం కిందకు రాదు, మోటు కిందకు వస్తుంది. సరళానికీ మోటుకూ మధ్య ఉన్న గీత వ్యాకరణం గీసింది కాదు.

అదే కాలంలో వాడల్లో ఏ చర్చ జరుగుతున్నదో కూడా పక్కన పెట్టి చూడాలి. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచముల మహాసభ జరిగింది. 'పంచములు' అనే పేరు మాకు వద్దు, మేం ఆది ఆంధ్రులం అని ఆ సభ తేల్చింది. పండితులు క్రియాపదం చివర ఏముండాలని కొట్టుకుంటున్న రోజుల్లో మనవాళ్లు తమనేమని పిలవాలో తేల్చుకుంటున్నారు. భాషా చరిత్ర పుస్తకాల్లో మొదటిది ఉంటుంది. రెండోదాన్ని సంఘసంస్కరణ కింద వేరే అధ్యాయంలో వేస్తారు. నా దృష్టిలో రెండూ భాష చర్చలే.

ఇక జాషువా సంగతి. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా 1941లో గబ్బిలం ప్రచురించేనాటికి వ్యావహారికం కథల్లో, వచనంలో బలంగా పాతుకుపోతోంది. ఆయన మాత్రం ఛందస్సు తప్పని పద్యం రాశాడు. కాళిదాసు మేఘసందేశం పద్ధతి తీసుకుని, మేఘం స్థానంలో గబ్బిలాన్ని పెట్టి, ఒక అరుంధతీయుడి చేత కాశీలో ఉన్న శివుడికి కబురంపించాడు. గుడి లోపలికి పోలేని మనిషి, గుడి లోపలే కాపురముండే గబ్బిలంతో చెప్పుకుంటాడు. దీన్ని పాటలాగా, మాటలాగా తేలికగా రాసి ఉంటే ఎక్కువమందికి చేరేది గదా అని అడిగే మిత్రులున్నారు. చేరేదేమో. కానీ 'వీళ్లకు పద్యం చేతకాదు' అని తలుపు వేసినవాళ్ల ఎదుట ఆ తలుపును వాళ్ల తాళంచెవితోనే తెరవాల్సిన పని ఆయనకు పడింది. కష్టమైన రాత ఆయనకు ఆడంబరం కాదు. అది ప్రవేశపత్రం. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న వేరే దారి పట్టాడు. గరిమెళ్ల 'మాకొద్దీ తెల్లదొరతనము' అని పాడితే ధర్మన్న దానికి ఎదురుగా 'మాకొద్దీ నల్లదొరతనము' అన్నాడు. అది ఎవరికైనా అర్థమయ్యే పాట. వీళ్లిద్దరిలో ఎవరు నిజమైన దళిత కవి అని అడగటం దండగ. ఎదుట ఉన్నదెవరో చూసి ఇద్దరూ మాట ఎంచుకున్నారు.

1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చినప్పుడు దళిత కవిత్వం మీద వచ్చిన అభ్యంతరాల్లో భాష ఒకటి. బూతులున్నాయన్నారు, మోటుగా ఉందన్నారు. చూశారా, మనం పద్యం రాస్తే అనుకరణ, వాడ మాట రాస్తే అసభ్యం, సిద్ధాంతం రాస్తే అర్థంకాని రాత.

ఇప్పుడు మొదటిరకం కాగితానికి వద్దాం. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ మాట తేడా వస్తే మనిషి నష్టపోతాడు.

మా ప్రాంతంలో ఏదైనా గొడవ జరిగి ఒక ఆడమనిషి స్టేషన్‌కు పోయి చెప్పిందనుకోండి. 'పొద్దుగూకే ఏళకి నేను బ్యారనీ కాడ నుంచి వస్తా ఉంటే అడ్డం తిరిగాడు' అని చెబుతుంది. కాగితం మీదకు వచ్చేసరికి అది 'సుమారు సాయంత్రం 6-00 గంటల సమయమున ఫిర్యాదిదారు పొగాకు బ్యారన్ వద్ద నుండి తన నివాస గృహమునకు వచ్చుచుండగా ముద్దాయి అడ్డగించి' అవుతుంది. రాసిన కానిస్టేబుల్‌కు దురుద్దేశం ఉండనక్కర్లేదు, స్టేషన్ తెలుగు అట్లాగే ఉంటుంది. రెండు మూడేళ్లకు కేసు విచారణకు వస్తుంది. అవతలి లాయరు అడుగుతాడు: 'ఆరు గంటలని చెప్పారు, మీకు వాచీ ఉందా?' లేదు. 'మరి ఆరని ఎట్లా తెలుసు?' నేను ఆరని చెప్పలేదంటుంది ఆమె. అంతే, ముందు చెప్పినదానికీ ఇప్పుడు చెప్పినదానికీ పొంతన లేదని రాసుకుంటారు.

ఇది ఎట్లా జరుగుతుందో చట్టం తెలియాలి. నోటితో చెప్పిన ఫిర్యాదును అధికారి రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి, దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 154వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్. ఆ తర్వాత దర్యాప్తులో పోలీసులు సాక్షుల దగ్గర రాసుకునే వాంగ్మూలం వేరు. అది పాత 161, ఇప్పటి 180. దానిమీద సాక్షి సంతకం ఉండదు, తీసుకోకూడదు. అది నేరాన్ని రుజువు చెయ్యటానికి సాక్ష్యం కాదు గానీ, కోర్టులో సాక్షి చెప్పేది దాంతో సరిపోవటం లేదని చూపించటానికి ముద్దాయి తరఫువాళ్లు వాడుకోవచ్చు. ముఖ్యమైన సంగతి ఏదైనా అందులో లేకపోతే, ఆ లేకపోవటాన్ని కూడా వైరుధ్యంగా చూపించవచ్చు. అంటే సాక్షి తన చేత్తో రాయని, సంతకం పెట్టని, తనది కాని తెలుగులో ఉన్న ఒక కాగితం సాక్షి మీదే ఆయుధమవుతుంది. తర్వాత కేసు హైకోర్టుకు పోతే, రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం అక్కడ నడిచేది ఇంగ్లీషు. వాడ మాట స్టేషన్ తెలుగై, స్టేషన్ తెలుగు కోర్టు ఇంగ్లీషై, మూడు రేవులు దాటుతుంది. ఏ రేవులో ఏది జారిపోయిందో ఆమెకు తెలిసే దారి లేదు.

కారంచేడు 1985 జులై 17న జరిగింది. అప్పటి ప్రకాశం జిల్లాలోని ఆ ఊళ్లో ఆరుగురు మాదిగలను చంపారు. చుండూరు 1991 ఆగస్టు 6న జరిగింది. అప్పటి గుంటూరు జిల్లాలో ఎనిమిదిమందిని చంపారు. చుండూరు కేసుకు ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవటానికి జనం పోరాడాల్సి వచ్చింది. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది, ప్రాసిక్యూషన్ నేరాన్ని నిరూపించలేకపోయిందన్నది. ఈ తీర్పుకు భాష ఒక్కటే కారణమని నేననను, అట్లా అనటం అబద్ధమవుతుంది. కానీ వాడ మనుషులు కళ్లారా చూసి చెప్పినదాన్ని కాగితం మీది మాటలతో పోల్చి తూచే పద్ధతి ఉన్నంతకాలం, కాగితం మీద మాటలు ఎవరివి అనే ప్రశ్న న్యాయం ప్రశ్నే అవుతుంది.

1989 అత్యాచారాల నిరోధక చట్టంలో ఇది ఇంకా తేటగా కనబడుతుంది. జనం చూస్తుండగా కులం పేరు పెట్టి తిట్టటం దాని కింద నేరం. ఫిర్యాదు రాసేవాళ్లు, మనవాళ్లు కూడా, మర్యాద కోసం 'కులం పేరుతో అసభ్యంగా దూషించినాడు' అని ఒక్క ముక్కలో రాసేస్తారు. తిట్టిన మాట ఏమిటి, ఎక్కడ తిట్టాడు, ఎవరు విన్నారు అనేది లేకపోతే ఫిర్యాదు అస్పష్టంగా ఉందని కేసు కొట్టేయమని అడగటానికి అవతలివాళ్లకు దారి దొరుకుతుంది. ఇక్కడ శిష్టమైన వాక్యం ముద్దాయికి మేలు చేస్తుంది. నోటికి రాని ఆ మాటను ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టటమే బాధితురాలికి రక్షణ. 2016 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో 4వ సెక్షన్‌ను విప్పి రాశారు. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్నాక, సంతకం తీసుకునే ముందు చదివి వినిపించటం అధికారి బాధ్యత అని అందులో ఉంది. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని ఆ బాధ్యత ఎగ్గొడితే శిక్ష ఉంది. స్టేషన్‌కు తోడు పోయే కార్యకర్తలు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలా కేసులు మొదట్లోనే నిలబడతాయి. చదివి వినిపించమని అడగాలి, నేను అనని మాట ఉంటే కొట్టించాలి. 'సాయంత్రం 6-00' కొట్టించి 'పొద్దుగూకే ఏళ' అని రాయించాలి.

భూమి కాగితాలది ఇదే కథ. డి ఫారం పట్టా, అడంగల్, పోరంబోకు, సదరు, దఖలు, చెక్‌బందీ: ఇవి పార్శీ, అరవం, ఇంగ్లీషు, గ్రాంథికం కలిసిన భాష. మా నాయన తరం వాళ్లకు ఇందులో సగం మాటలు నోటికొచ్చు, అర్థం మాత్రం రాసేవాడి చేతిలో ఉండేది. మా వాడలో ఒకాయన కౌలుకిస్తున్నాననుకుని వేలిముద్ర వేసిన కాగితం అమ్మకం అగ్రిమెంటని పదేళ్ల తర్వాత తెలిసింది. అసైన్డు భూమిని అట్లా అమ్మటం 1977 చట్టం ప్రకారం అప్పట్లో చెల్లేది కాదు (20 ఏళ్లు దాటినవాటికి దారి తెరుస్తూ సవరణ వచ్చింది 2023లో). ఆ సంగతి కూడా ఆయనకు చదివి చెప్పినవాళ్లు లేరు.

పత్తి, మిరప చేలల్లో మందు కొట్టేది ఎక్కువగా మన కూలీలు. పురుగుమందు డబ్బాతో వచ్చే కాగితం ఇంగ్లీషు, హిందీతో పాటు ప్రాంతీయ భాషల్లో ఉండాలని 1971 నియమాలు చెబుతాయి. అన్ని భాషలూ ఒకే కాగితంలో కుక్కేసరికి అక్షరం చీమతలంత అవుతుంది. అందులో తెలుగు చదివినా 'గాఢత', 'విరుగుడు', 'శ్వాసకోశం' దగ్గర ఆగిపోతుంది. డబ్బా మీదుండే రంగు త్రికోణం మాత్రం పనికొస్తుంది. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే ప్రమాదం లేదని కాదు, తక్కువని. ఈ నాలుగు రంగులు నేర్పటానికి పావుగంట చాలు. తేలిక భాష అంటే నిజంగా ఇది, ఎదుటి మనిషి ప్రాణం చూసి తయారైన భాష.

రెండోరకం కాగితం సంగతి వేరు. 2002లో గోపాల్ గురు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో భారతదేశంలో సామాజిక శాస్త్రాల్లో సమానత్వం ఎంత ఉందని ప్రశ్నిస్తూ ఒక వ్యాసం రాశారు. సిద్ధాంతం చేసేవాళ్లు పైవాళ్లు, వివరాలు పోగుచేసేవాళ్లు కిందివాళ్లు అన్నట్టుగా యూనివర్సిటీల్లో కూడా కులం నడుస్తోందని ఆయన చెప్పింది. దళితుడు తన అనుభవం చెప్పాలి, దానికి అర్థం ఇంకెవరో చెబుతారు. ఈ పద్ధతిలో 'నువ్వు నీ సొంత మాటల్లో సింపుల్‌గా రాయి' అనే సలహా ఎంత ప్రేమగా ఇచ్చినా మనల్ని వివరాల గదిలోనే కూర్చోబెడుతుంది. మన పిల్లలు ఆత్మకథ రాస్తే చప్పట్లు కొడతారు. సిద్ధాంతం రాస్తే ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడుగుతారు.

అయితే కష్టమైన మాట నిజంగా అవసరమా? రెండు ఉదాహరణలు చూద్దాం. అంబేద్కర్ 1916 మే నెలలో కొలంబియా యూనివర్సిటీలో కులం పుట్టుక మీద పత్రం చదివాడు. ఒక గుంపు తనను తాను మూసేసుకుని పెళ్లిళ్లు లోపలే చేసుకోవటం మొదలుపెట్టినప్పుడు కులం తయారైందని, ఆ తలుపు మూసి ఉంచటానికి సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం పనిముట్లయ్యాయని అందులో చూపించాడు. ఈ మూసివేతకు ఇంగ్లీషులో 'ఎండోగమీ' అంటారు. తెలుగులో దాన్ని 'అంతర్వివాహం' అన్నారు. క్లాసులో ఈ మాట వినగానే సగంమంది పిల్లలు కులాంతర వివాహం అనుకుంటారు, అంటే సరిగ్గా తలకిందులు! ఇది కష్టమైన మాట కాదు, చెడ్డ మాట. వాడలో దీనికి 'ఇచ్చిపుచ్చుకోవటం' అనే మాట ఉంది. 'వాళ్లకూ మనకూ ఇచ్చిపుచ్చుకోవటాలు లేవు' అంటే ఎవరికైనా తెలుస్తుంది. మరి ఆ మాట చాలదా? పూర్తిగా చాలదు. అది ఆచారాన్ని చెబుతుంది, ఆ ఆచారమే కులాన్ని తయారుచేసే యంత్రమని చెప్పదు. ఆ సంగతి చెప్పటానికి ఒక పేరు కావాలి. 'ఇచ్చిపుచ్చుకోవటం' నుంచి మొదలుపెట్టి ఆ పేరు దాకా నడిపించాలి.

రెండోది 'ఆధిపత్యం'. తెలుగులో మనం దీన్ని రెండు వేరువేరు సంగతులకు వాడేస్తున్నాం, కర్రతో లొంగదీయటానికీ, కర్ర లేకుండానే లొంగిపోవటానికీ. గ్రాంసీ 'హెజెమొనీ' అన్నది రెండోదానికి దగ్గర. ఆసామి కొట్టడు, తిట్టడు. అయినా ఆయన వీధిలోకి పోయేటప్పుడు మా తాత చెప్పులు చేతబట్టుకునేవాడు. ఎవరూ చూడకపోయినా పట్టుకునేవాడు. ఎందుకు తాతా అంటే, 'అట్టా పోతేనే బాగుంటదిరా' అనేవాడు. ఆ 'బాగుంటది' ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి పోలీసు కేసు లేదు, కర్ర లేదు, ముద్దాయి లేడు. ఇట్లాంటిదాన్ని పట్టుకోవటానికే సిద్ధాంతం. మాట ఒక్కటే ఉంటే రెండు సంగతులూ ఒకటే అనిపిస్తాయి, పోరాటం కూడా ఒకేరకంగా చేస్తాం. అందుకని ఇక్కడ కొత్త మాట కావాల్సిందే, ఆ మాట పక్కన తాత చెప్పులు కూడా ఉండాల్సిందే.

అంబేద్కర్ దగ్గర ఈ రెండూ కనబడతాయి. 1920లో మూక్‌నాయక్, 1927లో బహిష్కృత భారత్ మరాఠీలో నడిపాడు. 1923లో రూపాయి సమస్య మీద ఆర్థిక శాస్త్రజ్ఞులకు పుస్తకం రాశాడు, దాన్ని తేలిక చెయ్యలేదు. 1936లో లాహోరు సభవాళ్లు ఉపన్యాసం రద్దు చేస్తే సొంత ఖర్చుతో అచ్చేసిన 'కుల నిర్మూలన'లో ఇంగ్లీషు సూటిగా ఉంటుంది, అందులో వాదన మాత్రం ఎక్కడా పలచబడదు. మన దగ్గర కలేకూరి ప్రసాద్ ఉన్నాడు. 2013లో ఒంగోలులో చనిపోయేదాకా ఆయన పాటలూ రాశాడు, ఇంగ్లీషు నుంచి ఎన్నో పుస్తకాలు తెలుగులోకీ తెచ్చాడు. జనం నోట పాడుకునే పాట రాసిన చెయ్యే కష్టమైన పుస్తకాన్ని తెలుగులోకి ఒంచింది.

వాడ జనానికి కష్టమైన మాట అర్థం కాదనే నమ్మకం కూడా ఒకరకంగా చిన్నచూపే. ఒంగోలు చుట్టుపక్కల 1878 కరువు ఏడాదిలో బాప్టిస్టు మిషను క్లౌ దొర ఆధ్వర్యంలో వేలాదిమంది మాదిగలు బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లకు అందిన బైబిలు తెలుగు తేలికైనదేం కాదు. నీతిమంతుడు, ప్రాయశ్చిత్తము, నిబంధన, విమోచన: ఇవి మా నాయనమ్మకు నోటి మాటలు. ఆమెకు సంతకం రాదు. ఎట్లా వచ్చాయి? వారం వారం ఎవరో ఒకరు చదివి వినిపించారు, విప్పి చెప్పారు, పాడించారు, అడిగితే మళ్లీ చెప్పారు. ఆ మతం సంగతి ఇక్కడ చర్చ కాదు, ఆ పద్ధతి సంగతే. కష్టమైన పుస్తకం చుట్టూ కూర్చునే చోటు ఉంటే కష్టం కరుగుతుంది. మన సిద్ధాంత వ్యాసాలకు అట్లాంటి చోటు లేదు. చదివేవాడు ఒంటరిగా చదువుకుంటున్నాడు, అర్థంగాక పక్కన పెడుతున్నాడు. నేరం వాక్యానిదే అనుకుంటున్నాం.

అంతమాత్రాన రాసేవాళ్లం తప్పించుకోలేం. మన వ్యాసాల్లో 'అస్తిత్వ చైతన్య పరిణామ క్రమంలో' వంటి పదబంధాలు కోకొల్లలు. ఇందులో ఏ ఒక్క మాట తీసేసినా అర్థం మారదు, ఎందుకంటే ముందునుంచీ అర్థం లేదు. యూనివర్సిటీలో మనల్ని చిన్నచూపు చూస్తారన్న భయంతో వేసుకునే కోటు ఇది. ఇంగ్లీషులో అయితే ఇంకా ఎక్కువ. వ్యాకరణం తప్పు పోతుందన్న భయంతో వేరేవాళ్ల వాక్యాలు అతికించుకుంటారు. ఒక కష్టమైన మాట అవసరమా, కోటా అని తెలుసుకోవటానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. ఆ మాట తీసేసి, దానర్థం వాడ మాటల్లో నాలుగు వాక్యాలు రాస్తాను. రాయగలిగితే ఆ నాలుగు వాక్యాలూ ఉంచి, మాటను కూడా పక్కన పెడతాను. రాయలేకపోతే నాకే అర్థం కాలేదన్నమాట, కొట్టేస్తాను.

సింగరాయకొండలో పొయిన వేసవి నుంచి కొంతమందిమి ఆదివారం సాయంత్రాలు కూర్చుని ఒక్కో వ్యాసం బయటికి చదువుతున్నాం. డిగ్రీ పిల్లలుంటారు, ఇద్దరు టీచర్లుంటారు, మిరప కోతల నుంచి వచ్చిన ఆడవాళ్లుంటారు. అర్థం కాని మాట దగ్గర ఎవరైనా చెయ్యెత్తవచ్చు. 'అంతర్వివాహం'కు ఇప్పటిదాకా నాలుగు మాటలు వచ్చాయి, ఒక్కటీ కుదరలేదు. 'మూసుకున్న పెళ్లి' అని ఒకామె అన్నది. అది దగ్గరగా ఉంది, కానీ పెళ్లి మూసుకోదు, గుంపు మూసుకుంటుంది గదా అని ఇంకొకామె పేచీ పెట్టింది. పేచీ సరైనదే. మీ వైపు, పల్నాడులో గానీ నెల్లూరులో గానీ తెలంగాణలో గానీ, దీనికి మాట ఉంటే పత్రికకు రాయండి. 'హెజెమొనీ'కి కూడా.